కుడిచెయ్యి తెలిసినవాళ్ళది

“ఏడెనిమిదులు?”

హెడ్మాస్టరు దొరస్వామి నాయుడు మాట పూర్తి చేయకముందే రెండో క్లాసులో నలభై చేతులూ పైకి లేచాయి. ఒక్కటి కూడా కింద లేదు. చూసేవాళ్ళకు అది ఎంత ముచ్చటగా ఉంటుందంటే, ఈ బడిలో ఎక్కం రాని పిల్లే లేదు కాబోలు అనిపిస్తుంది. అలా అనిపించాలనే ఆ ఏర్పాటు. తెలిసినవాళ్ళు కుడిచెయ్యి ఎత్తాలి. తెలియనివాళ్ళు ఎడమచెయ్యి ఎత్తాలి. ఎత్తకుండా మాత్రం ఎవరూ ఉండకూడదు. ఇన్స్పెక్షన్ నాడు ఇన్స్పెక్టరు గారు కుర్చీలో కూర్చుని వింటూ ఉంటే, హెడ్మాస్టరు ప్రశ్న అడిగి, కుడిచేతుల్లో ఒకదాన్ని ఎంచుకుని పిలుస్తాడు. పైన పటారం, లోన లొటారం. అయినా జార్జి టౌన్ సందులో మిరపకాయల మండీ మీద మేడలో ఈ బడి పెట్టిన నాటి నుంచీ ఇదే ఆచారం. వచ్చిన ఇన్స్పెక్టర్లంతా మెచ్చుకునే వెళ్ళారు.

“యాభై ఆరు సార్!” అంది కుడిచెయ్యి ఎత్తిన ఒక పిల్ల.

“శభాష్. కూర్చో.” నాయుడు ఆ పిల్లను చూడటం లేదు. ఆయన కళ్ళు ఎడమచేతుల మీద ఉన్నాయి. “ఒకటి, రెండు... ఐదు. చూసినావా కోకిలా, మొన్నటి నుంచీ అవే ఐదు చేతులు. వీళ్ళు వచ్చే ఏడు కూడా ఈడే కూర్చుంటారు.”

క్లాసు టీచరు కోకిల తలూపింది. ఆ బడిలో ప్రమోషనుకు వేరే పరీక్ష లేదు. ఇన్స్పెక్షన్ ముందు వారమంతా హెడ్మాస్టరు రోజూ వచ్చి అడుగుతాడు, ఎడమచేతులు ఎవరివో చూసుకుంటాడు. ఎవరి సంగతి వాళ్ళే చెయ్యెత్తి చెప్పుకుంటుంటే ఇంక పరీక్ష దేనికమ్మా అంటాడు. ఈ మాటకు ఎదురు చెప్పాలని కోకిలకు ఎప్పుడూ తోచలేదు. నలభై మంది పిల్లలు, ఒక బల్ల, ఒక నల్లబల్ల. కింది మండీలో బస్తా విప్పినప్పుడల్లా ఘాటు పైకి ఎగదన్ని పిల్లలంతా ఒకేసారి తుమ్ముతారు. వాచకం, చూచిరాత, ఉక్తలేఖనం, ఎక్కాలు, తకిలి, అన్నీ అయ్యేసరికి గంట కొడతారు. ఎవరికి ఏమొచ్చో ఒక్కొక్కరినీ అడిగి తెలుసుకునే తీరిక ఎక్కడిది? ఏడాదంతా తనూ చేతులే ఎత్తించేది; చెయ్యి చూస్తే చాలు, తెలిసిపోతుంది. అలాగే అనుకుంది ఇన్నాళ్ళూ.

“తొమ్మిదారులు?” అన్నాడు నాయుడు.

మళ్ళీ నలభై చేతులు లేచాయి. ఈసారి కోకిల కూడా ఎడమచేతుల వంక చూసింది. చివరి చాప మీద కూర్చున్న పొన్నుతాయి పెదవులు కదులుతున్నాయి. నాయుడు ఇంకా ఎవరినీ పిలవలేదు. ఆ పెదవులు చప్పుడు లేకుండా ఒక మాట అని ఆగిపోయాయి. కోకిల దాన్ని స్పష్టంగా చూసింది. యాభై నాలుగు. ఆ పిల్ల ఎడమచెయ్యి మాత్రం చెవిని ఆనుకుని నిటారుగా పైకే ఉంది.

నాయుడు వెళ్ళిపోయాక, తకిలి పీరియడు మొదలయ్యాక, కోకిల వెళ్ళి ఆ పిల్ల పక్కన కూర్చుంది. పిల్లలంతా దూది ఏకులు పట్టుకుని తకిలి తిప్పుతున్నారు. పొన్నుతాయి ఎడమచేత్తో తిప్పుతోంది. అందుకే దాని దారం ఎప్పుడూ అవతలి వైపుకు పురి పడుతుంది, పక్కవాళ్ళ దారంతో కలిపితే విడిపోతుంది. ఆ దారం చూసి కోకిల ఎన్నిసార్లు విసుక్కుందో లెక్కలేదు.

“తొమ్మిదారులు ఎంతే?”

“యాభై నాలుగు టీచర్.”

“ఎనిమిది తొమ్మిదులు?”

“డెబ్భై రెండు.”

“మరి ఎడంచెయ్యి ఎందుకే ఎత్తినావు? తెలిసినవాళ్ళది ఏ చెయ్యి?”

“కుడిచెయ్యి.”

“తెలిసీ ఎందుకు ఎత్తినావు మరి?”

పొన్నుతాయి తకిలి ఆపి, తన ఎడమచేతిని ఎవరిదో అన్నట్టు చూసుకుంది. “ఇదే లేస్తాండాది టీచర్” అంది మెల్లగా.

పోయినేడు కూడా ఈ పిల్ల రెండో క్లాసే. పోయినేడు కూడా టీచరు తనే.

*

పొన్నుతాయి తల్లి చెంగమ్మ కింది మండీలోనే మిరపకాయలకు తొడిమలు తుంచుతుంది. సాయంకాలం బడి వదిలే వేళకు ఆమె మెట్ల కింద నిలబడి ఉంది. చీరకొంగుతో ముక్కు తుడుచుకుని, చేతులు వెనక దాచుకుంది. మిరపకాయ చేతులతో పిల్లలను తాకకూడదని ఆమె అలా నిలబడుతుంది.

“టీచరమ్మా, నీకు దండం పెడతా. దాన్ని ఈ ఒక్క తూరి దాటించు.”

“ఏమైంది చెంగమ్మా?”

“వాళ్ళ నాయన చెప్పేసినాడు. ఈ తూరి కూడా ఆడే కూర్చుంటే ఇంక బడి లేదు, కొట్లో నీ పక్కన కూర్చోబెట్టుకో, అంటాడు. మా మండీ నాగప్పన్ మేస్త్రీ కూడా సరే అన్నాడంట. చిన్న పిల్లల వేళ్ళకి తొడిమలు సులువుగా వస్తాయంట.” ఆమె గొంతు తగ్గించింది. “నా చేతులు చూడు టీచరమ్మా. రాత్రి అన్నం కలిపితే బిడ్డలకి నాలిక మండుతాది. దాని చేతులు కూడా ఇట్టనే అయిపోవాల్నా?”

చెంగమ్మ చేతులు ముందుకు చాపింది. గోళ్ళ మూలల్లో ఎర్రటి గీతలు, వేళ్ళ కొసల్లో పొట్టు ఊడిన చర్మం. కోకిల చూసి చూడనట్టు కళ్ళు తిప్పుకుంది.

“దానికి ఎక్కాలు వచ్చు చెంగమ్మా” అంది.

“వస్తే ఎందుకమ్మా కూర్చోబెట్టినారు?”

కోకిల చెప్పింది. చెయ్యి సంగతి విని చెంగమ్మ ఏడవలేదు, తిట్టలేదు. “ఓ... ఆ పాడు చెయ్యా” అంది. తెలిసిన శత్రువు పేరే విన్నట్టు ఆమె ముఖం గట్టిపడింది. “దానికి పుట్టినప్పటినుంచీ అదే బుద్ధి. అన్నం కూడా ఆ చేత్తోనే తినేది, వాతలు పెట్టినాక మానింది. సరే, నేను చూస్కుంటా.”

మర్నాడు మధ్యాహ్నం అన్నం వేళ కోకిల పొన్నుతాయిని నల్లబల్ల దగ్గర నిలబెట్టి సాధన చేయించింది. మొదట ప్రశ్న లేకుండా చెయ్యి మాత్రం. “ఎత్తు” అంటే కుడిచెయ్యి లేచింది. “దించు. ఎత్తు.” మళ్ళీ కుడిచెయ్యే. కోకిల ప్రాణం కొంచెం కుదుటపడింది.

“ఆరేడులు?”

ఎడమచెయ్యి లేచింది. లేచిన మరుక్షణం ఆ పిల్లే చూసుకుని గతుక్కుమని దాన్ని లాగేసింది. కుడిచెయ్యి ఎత్తింది. ఎత్తి నోరు తెరిచి అలాగే నిలబడిపోయింది.

“చెప్పు. ఆరేడులు?”

“మరిచిపోయినాను టీచర్.”

“ఇప్పుడేగా పెదవి కదిపినావు!”

“చెయ్యి చూస్తాంటే లెక్క పోతాండాది టీచర్. లెక్క చూస్తాంటే చెయ్యి పోతాండాది.”

పది ప్రశ్నలు అడిగినా అంతే. చెయ్యి సరిగ్గా ఉంటే నోరు పెగలదు, నోట్లో జవాబు ఉంటే చెయ్యి తప్పు. పదకొండో ప్రశ్నకు పొన్నుతాయి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కోకిలకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. చాలు పో, అన్నం తిను అని పంపేసి, మేడ చివర హెడ్మాస్టరు గదికి వెళ్ళింది.

నాయుడు కుర్చీకి కొత్త గుడ్డ వేయిస్తున్నాడు, ఇన్స్పెక్టరు గారి కోసం. కోకిల చెప్పినదంతా విని, గుడ్డ ముడతలు సర్దుతూనే అన్నాడు.

“అయితే ఏమంటావు?”

“ఆ ఒక్క పిల్ల ఎడంచెయ్యి ఎత్తినా తెలుసు అనే అర్థం సార్. మీరు దాన్ని పిలిస్తే చెప్తుంది.”

“బాగుండాది. ఇంకొకడు రేపొచ్చి నేను కాలెత్తితే తెలుసు అని అర్థం అంటాడు. నలభై మొహాల్లో అది ఏ మొహమో ఆ గడబిడలో నాకు గుర్తుంటుందా? నేను చెయ్యి చూస్తా, పిలుస్తా. అంతే.”

“చివరి చాప మీద కూర్చుంటుంది సార్. నేను ముందుకు కూర్చోబెడతాను.”

“కూర్చోబెట్టి? ఇన్స్పెక్టరు ముందర ఎడంచెయ్యి ఊపుతాంటే మర్యాదా అది?” నాయుడు ఈసారి ఆమె వైపు తిరిగాడు. కోపం కంటే దిగులే ఎక్కువ ఉంది ఆ ముఖంలో. “నీకు తెలియంది కాదు కోకిలా. రాష్ట్రం విడిపోయినాక ఈ పట్నంలో తెలుగు సెక్షన్లు ఎందుకని అడిగేవాళ్ళు ఎక్కువయ్యినారు. ఏటేటా పిల్లలు తగ్గుతాండారు. ఈ ఇన్స్పెక్షన్ లో మాట పడితే బడి ఉంటుందో ఊడుతుందో. ఒక్క పిల్ల కోసం ఇల్లు తగలబెట్టుకుంటామా? నాలుగు నాళ్ళుండాయి, కుడిచెయ్యి అలవాటు చెయ్యి. లేదంటే వచ్చే ఏడు చూద్దాం.”

వచ్చే ఏడు ఆ పిల్ల ఇక్కడ ఉండదు సార్ అనబోయింది కోకిల. అనలేదు. “సరే సార్” అని వచ్చేసింది. వరండాలో నడుస్తూ తనను తాను నాలుగు తిట్టుకుంది. పెద్దవాళ్ళ ముందు ఆమె నోరు ఎప్పుడూ అంతే, అవసరమైన మాట దగ్గరే మూతపడుతుంది.

*

ఇన్స్పెక్షన్ ముందు రోజు పొన్నుతాయి బడికి ఆలస్యంగా వచ్చింది. ఎడమచేతికి మోచేతి దాకా గుడ్డ చుట్టి ఉంది. గుమ్మంలోనే నిలబడి, లోపలికి రానా అని అడగకుండా, ఆ చేతిని కుడిచేత్తో పట్టుకుని ఊదుకుంటోంది.

“ఏమైందే?”

“అమ్మ కట్టింది.”

కోకిల గుడ్డ విప్పబోయేసరికి ఘాటు ముక్కుకు కొట్టింది. మిరపకాయలు నూరిన నీళ్ళల్లో ముంచిన గుడ్డ అది. లోపల చెయ్యి ఎర్రగా కమిలి, వేళ్ళు ఉబ్బి ఉన్నాయి. ముందు వరసలో పిల్లలు తుమ్మారు. కొందరు నవ్వారు. పొన్నుతాయి ఏడవడం లేదు.

“చెయ్యెత్తితే మండుతాదంట టీచర్. అప్పుడు అది లేవదంట.”

కోకిల పిల్లలకు చూచిరాత ఇచ్చి, పొన్నుతాయిని వరండాలోకి తీసుకుపోయింది. తొట్టి దగ్గర చెయ్యి కడిగింది, కడిగితే మంట ఎక్కువైంది. నాలుగో క్లాసు టీచరు లూర్దుమేరిని అడిగి కొబ్బరినూనె తెచ్చి, ఒక్కొక్క వేలికీ రాసింది. రాస్తున్నంతసేపూ ఆమె తన చేతులకేసి చూసుకుంటూనే ఉంది. చెంగమ్మ కట్టింది సరే. కట్టాల్సిన అవసరం ఎవరు తెచ్చిపెట్టారు? తను నోరు తెరిచి ‘ఎడంచెయ్యి’ అన్న మాట చెప్పబట్టే కదా ఆమె వెళ్ళి మిరపకాయలు నూరింది. లూర్దుమేరి దూరం నుంచి చూసి, “పావం, వాళ్ళమ్మ రాక్షసి” అంది. ఆ తిట్టులో తన వాటా ఎంతో కోకిలకు తెలుసు.

“రేపు కూడా కడతాదా అమ్మ?” అని అడిగింది.

“ఆమా, కడతాది. రేపే ముఖ్యమంట.”

సాయంకాలం కోకిల తనే కిందికి దిగి మండీ గుమ్మం దగ్గరకు వెళ్ళింది. ఎర్రగా గుట్టలు, వాటి చుట్టూ ముక్కులకు గుడ్డలు కట్టుకున్న ఆడవాళ్ళు. లోపల నిండా దగ్గు. ఒక గుట్ట పక్కన పదేళ్ళ పిల్ల ఒకతె చకచకా తొడిమలు తుంచుతోంది, కళ్ళ నీళ్ళు కారుతున్నా తుడుచుకోవడం లేదు. తుడుచుకుంటే ఇంకా మండుతుందని దానికి అలవాటైపోయినట్టుంది. చెంగమ్మ లేచి వచ్చింది.

“చెయ్యి కట్టొద్దు చెంగమ్మా.”

“కట్టకపోతే లేస్తాది టీచరమ్మా.”

“లేవనీ. నేను చూసుకుంటాను.”

“ఎట్టా చూసుకుంటావు?” చెంగమ్మ నిలదీసినట్టు అడగలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. అందుకే జవాబు చెప్పడం కష్టమైంది. ఎలా చూసుకుంటుందో కోకిలకే తెలియదు. “నేను ఉన్నాను గదా” అని మాత్రం అని మెట్లెక్కేసింది. ఆ రాత్రి ఆమెకు అన్నం సయించలేదు. అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో అంతవరకు పుస్తకంలోనే చదివింది.

*

ఇన్స్పెక్టరు సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. చంకలో గొడుగు, ముక్కు మీదికి జారే కళ్ళద్దాలు. మెట్లెక్కుతూనే రెండుసార్లు తుమ్మాడు. ఆయన వచ్చేరోజు బస్తాలు విప్పొద్దని నాయుడు మండీవాళ్ళను బతిమాలుకున్నాడు, వాళ్ళు ఒప్పుకున్నారు కూడా. కానీ ఇన్నేళ్ళ ఘాటు గోడలకే పట్టింది, ఒక్కరోజులో ఎక్కడికి పోతుంది?

“మీరు అడగండి నాయుడు గారూ. నేను వింటాను” అని ఆయన కొత్త గుడ్డ వేసిన కుర్చీలో కూర్చున్నాడు.

పిల్లలంతా ఉతికిన బట్టలతో, తలకు నూనె పెట్టుకుని బిగుసుకుని కూర్చున్నారు. పొన్నుతాయి చేతికి కట్టు లేదు. ఇంకా ఎర్రగానే ఉంది. దాని కళ్ళు ఇన్స్పెక్టరు మీద లేవు, హెడ్మాస్టరు మీద లేవు, కోకిల మీదే ఉన్నాయి. కోకిల నల్లబల్లను ఆనుకుని నిలబడి, తుడుపుగుడ్డను రెండు చేతులా నలిపేస్తోంది.

“ఐదేడులు?”

చేతులు లేచాయి. నాయుడు కుడిచెయ్యి ఒకదాన్ని చూపించాడు. ముప్ఫై ఐదు. ఇన్స్పెక్టరు తలూపాడు. పొన్నుతాయి చెయ్యి లేవలేదు. రెండూ ఒళ్ళోనే ఉన్నాయి. ఎత్తకుండా ఉన్నది ఆ పిల్ల ఒక్కతే. నాయుడు కనుబొమలు ముడిపడ్డాయి.

“ఎనిమిదారులు?”

మళ్ళీ చేతులు. కుడిచెయ్యి ఒకటి నలభై ఎనిమిది చెప్పింది. పొన్నుతాయి ఎడమచెయ్యి భుజం దాకా లేచి, కిందికి దిగిపోయింది. కోకిల చూపు తిప్పుకుంది. చూపు తిప్పుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. పిల్ల తన వైపు చూస్తోంది. నేను చూసుకుంటానని నోటితో చెప్పి, తీరా సమయం వచ్చేసరికి కంటితో కూడా చెప్పలేకపోతోంది. ఒక్క మాట. ‘సార్, ఆ పాపను అడగండి.’ నాలుక చివరిదాకా వచ్చింది. నాయుడు అప్పటికే మూడో ప్రశ్నకు వచ్చేశాడు.

“తొమ్మిదేడులు?”

కొంచెం కష్టమైన ప్రశ్న. చేతులు లేచాయి గానీ కుడిచేతులు తగ్గాయి. అప్పుడు పొన్నుతాయి మోకాళ్ళ మీద లేచి, కళ్ళు గట్టిగా మూసుకుని, రెండు చేతులూ ఎత్తింది. చెవుల పక్కన నిటారుగా, వేళ్ళు విప్పి, రెండూ. ఏది సరైన చెయ్యో తేల్చుకోలేక ఉన్నవన్నీ ఇచ్చేసింది.

గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు. నాయుడు ఆ వైపు చూడనట్టే ఇంకెవరినో పిలవబోయాడు. కానీ ఇన్స్పెక్టరు కళ్ళద్దాలు పైకి తోసుకుని ముందుకు వంగాడు.

“ఆ పాప రెండు చేతులూ ఎత్తిందే? చాలా బాగా తెలిసినట్టుంది. అడగండి.”

“అది... కొంచెం మందం సార్” అన్నాడు నాయుడు.

“లేదు సార్.” ఆ మాట తన గొంతులోంచే వచ్చిందని కోకిలకు ఒక్క క్షణం ఆలస్యంగా తెలిసింది. “దానికి తెలుసు సార్. అడగండి.”

నాయుడు ఆమె వంక చూశాడు. ఆ చూపుకు సమాధానం సాయంకాలం చెప్పుకోవాలి. ఇప్పుడు కాదు.

“లేవమ్మా” అన్నాడు ఇన్స్పెక్టరు. “తొమ్మిదేడులు?”

పొన్నుతాయి లేచి నిలబడింది, చేతులు దించకుండానే. రెండూ పైనే ఉన్నాయి కాబట్టి ఏ చెయ్యో చూసుకునే పని లేదు.

“అరవై మూడు సార్.”

“పన్నెండు ఐదులు?”

పన్నెండో ఎక్కం రెండో క్లాసుకు లేదు. పొన్నుతాయి పైకి చూసింది, పెదవులు కదిపింది. “పది ఐదులు యాభై. ఇంకా రెండైదులు పది... అరవై సార్.”

“శభాష్!” అన్నాడు ఇన్స్పెక్టరు. “శభాష్” అన్నాడు నాయుడు కూడా, ఒక్క పలుకు వెనకగా. కోకిల తుడుపుగుడ్డతో ముఖం తుడుచుకుంది. సుద్దపొడి కళ్ళల్లో పడింది. ఏడవడానికి అదొక సాకు దొరికింది. ఇంక చాలు, ఈ క్లాసు వదిలి ఆయన పక్క గదికి వెళ్ళిపోతే చాలు అని దేవుళ్ళందరికీ మొక్కుకుంది.

“ఆరారులు?” అని నాయుడు తొందరగా, అందరికీ వచ్చే ప్రశ్న అడిగాడు.

ఎనభై చేతులు లేచాయి.

పిల్లలంతే. ఒకదానికి శభాష్ దొరికిందంటే అది ఎలా దొరికిందో వాళ్ళకు ఇట్టే పట్టుబడుతుంది. ముందు వరస, వెనక వరస, ఎక్కాలు వచ్చినవాళ్ళు, రానివాళ్ళు, అందరూ మోకాళ్ళ మీద లేచి రెండు చేతులూ ఎత్తేశారు. కొందరు కళ్ళు కూడా మూసుకున్నారు. నాయుడు నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి, ఎవరిని పిలవాలో ఆయనకు తెలియలేదు. ఆయన చూపుడువేలు ముందుకు చాచి, అటూ ఇటూ తిరిగి, ఎక్కడా నిలవక గాల్లోనే ఆగిపోయింది.

ఇన్స్పెక్టరు ఆ వేలు వంక చూశాడు. పిల్లల వంక చూశాడు. ఏమనుకున్నాడో ఆయన ముఖంలో ఏమీ తెలియలేదు. కుర్చీలోంచి లేచి, చాపల మధ్యకు నడిచి, తనే ఒక్కొక్కరి తల మీద చెయ్యి పెట్టి అడగడం మొదలుపెట్టాడు.

మొదట ముందు వరసలో ఆనందన్ తల మీద పెట్టాడు. గుమాస్తా గారి కొడుకు, ఏడాది పొడుగునా కుడిచెయ్యి తప్ప ఎత్తి ఎరగడు, క్లాసుకు లీడరు. “ఏడారులు?” ఆనందన్ లేచి, ఉమ్మి మింగి, కోకిల వైపు చూసి, కింద చాప వైపు చూశాడు. “నలభై... నలభై...” అని ఆగిపోయాడు. కుడిచెయ్యి ఎత్తినవాడిని టీచరు మెచ్చుకుంటుందని వాడు ఎత్తేవాడు. ముందు వరస పిల్లలను నాయుడు ఎలాగూ పిలవడు, వాళ్ళకు వచ్చుననే ఆయన లెక్క. కోకిల విస్తుపోయి చూస్తోంది. ఇంకొక కుడిచెయ్యి చెప్పింది, ఇంకొకటి చెప్పలేదు. ఎప్పుడూ ఎడమచెయ్యి ఎత్తే మిగతా నలుగురిలో కన్నియమ్మ అనే పిల్ల ఏడారులు చెప్పేసి, చెప్పినందుకు తనే బెదిరిపోయి కూర్చుంది.

“ఇప్పుడు చెప్పండి” అన్నాడు ఇన్స్పెక్టరు అందరితో. “ఇందాక ఈ గదిలో ఎన్ని చేతులు లేచాయి?”

మూలనున్న కుర్రవాడొకడు లేచి, వేలు చూపిస్తూ, ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. చేతులన్నీ అప్పటికే దిగిపోయాయి, వాడు ఒళ్ళల్లో ఉన్నవాటినే లెక్కపెడుతున్నాడు. ఇన్స్పెక్టరు నవ్వాడు. వాడు ఇరవై దాటేదాకా నిలబడి విన్నాడు. తర్వాత గొడుగు తీసుకున్నాడు.

“ఆ రెండు చేతుల పాప బాగా చెప్పింది. మిగతావాళ్ళకు ఎక్కాలు ఇంకా రావాలమ్మా” అని కోకిలతో అని, తుమ్ముకుంటూ పక్క క్లాసుకు వెళ్ళిపోయాడు.

*

“కూర్చో” అన్నాడు నాయుడు, సాయంకాలం తన గదిలో. ఆయన కూర్చోలేదు.

కోకిల కూడా కూర్చోలేదు.

“ఇన్స్పెక్టరు గారు ఏమీ రాయలేదు. దేవుడి దయ. రాసుంటే మనమిద్దరం వెళ్ళి ఎన్నూరులో చేపలు పట్టుకోవాల్సిందే.” తలపాగా తీసి బల్ల మీద పెట్టాడు. కేకలు వేస్తాడనుకుంది కోకిల. వేయలేదు. అలిసిపోయినవాడిలా కనిపించాడు. “ఆ పిల్లను పైకి పంపించు. సార్ నోటితో చెప్పినాక ఆపేదానికి లేదు.”

కోకిలకు గుండెల్లోంచి పెద్ద బరువు దిగింది. వచ్చిన పని అయిపోయింది. ఇంక తలూపి వెళ్ళిపోవడమే. కాళ్ళు కదల్లేదు.

“మిగతా నలుగురూ సార్?”

“వాళ్ళు ఎప్పటిమాదిరే. ఈడే.”

“కన్నియమ్మ చెప్పింది గదా సార్.”

“ఏదో గుడ్డెద్దు చేలో పడినట్టు చెప్పింది.”

“ఆనందన్ సార్?”

“వాడికేం? వాడు పైకి.”

“వాడికి రాలేదు సార్.”

“ఏడాదంతా కుడిచెయ్యి ఎత్తినాడు గదమ్మా!” అన్నాడు నాయుడు. అనేసి, ఆ మాట తన చెవిన తనకే ఎలాగో వినిపించినట్టు, కిటికీ వైపు తిరిగాడు.

కోకిల ఆగలేదు. “ఎవరికి వచ్చో ఎవరికి రాదో నాకు తెలీదు సార్. నిజంగా తెలీదు. ఒక్కొక్కరినీ అడుగుతాను. సెలవులకు ముందు అయిపోతుంది.”

“నలభై మందినా? అడిగితే ఏమవుతుందో తెలుసా నీకు? ఈ ఐదుగురు కాదు, పదిహేను మంది ఆగిపోతారు. వాళ్ళ అమ్మలంతా నీ కొంగు పట్టుకుని ఏడుస్తారు. అప్పుడు నా దగ్గరికి రావద్దు.”

అది నిజమే. కోకిలకు భయం వేసింది, అంతకుముందు కంటే ఎక్కువ. పిల్లలకు మంచి చేస్తున్నానా, చెడు చేస్తున్నానా అని. “నేర్పిస్తాను సార్, ఆగిపోకుండా” అంది. ఆ మాటకు చాలినంత ధైర్యం తనలో ఉందో లేదో ఆమెకు తెలియదు.

“సరే, నీ పాట్లు నువ్వు పడు” అని నాయుడు తలపాగా మళ్ళీ పెట్టుకున్నాడు.

మెట్ల కింద చెంగమ్మ ఉంది. పనిలోంచి మధ్యలో లేచి వచ్చినట్టుంది, ముక్కుగుడ్డ మెడలో వేలాడుతోంది. పొన్నుతాయి పక్కనే ఉన్నా దాన్ని ఆమె ఏమీ అడిగినట్టు లేదు. పిల్ల మాట నమ్మేదానికి ధైర్యం చాలలేదేమో.

“పాసా టీచరమ్మా?”

“పాస్ చెంగమ్మా. మూడో క్లాసు.”

చెంగమ్మ అక్కడే మెట్టు మీద కూలబడింది. తర్వాత చీరకొంగుతో చేతులు ఒకటికి నాలుగుసార్లు తుడుచుకుని, కూతురి ఎడమచేతిని జాగ్రత్తగా అందుకుని, కమిలిన వేళ్ళను తిప్పి తిప్పి చూసింది.

“ఈ చేత్తోనేనా?”

“రెండు చేతులూ ఎత్తినానమ్మా” అంది పొన్నుతాయి.

“నొప్పిగా ఉండాదా?”

“కొంచెం.”

చెంగమ్మ కళ్ళు నిండాయి. ముఖం పక్కకు తిప్పుకుంది. “సరి, ఏ చేత్తో రాసుకుంటే రాసుకో. నేనింక ఏమీ అనను” అంది, ఎవరితోనో బేరం తెగ్గొట్టినట్టు. “కానీ అన్నం మాత్రం కుడిచేత్తోనే తినాల. ఇది నేను ఒప్పుకునేది కాదు, ఈ టీచరమ్మ చెప్పినా సరే.”

కోకిలకు నవ్వు వచ్చింది. పొద్దుటి నుంచీ బిగబట్టిన ఏడుపు కూడా ఆ నవ్వుతోనే వచ్చేసింది. తల్లీ కూతుళ్ళు తోపుడుబండ్ల మధ్య దారి చేసుకుని వెళ్ళేదాకా నిలబడి, ఆమె మళ్ళీ మెట్లెక్కింది.

క్లాసులో మిగతా నలుగురూ చాప మీద కూర్చుని ఉన్నారు. ఉండమని చెప్పిపోయింది. దెబ్బలు పడతాయనుకుంటున్నారు, అరచేతులు చంకల్లో దాచుకున్నారు. కోకిల కుర్చీ లాక్కోలేదు, వాళ్ళ ముందు చాప మీదే కూర్చుంది. మొదట ఉన్నవాడు సుందరం. నూనె పెట్టిన జుట్టు, చిరిగిన మోకాలు. ఈ పిల్లవాడు ఏడాదంతా తన ఎదుటే ఉన్నాడు. అలా ఎదురుగా చూస్తూంటే కోకిలకు ఒక సంగతి తట్టి ఒళ్ళు జలదరించింది. వీడి గొంతు ఎలా ఉంటుందో తనకు తెలియదు. ఎడమచెయ్యి ఎత్తినవాణ్ణి ఎవరూ ఏమీ అడగరు కదా. వాడు ఏడాదిలో ఒక్క మాట చెప్పే అవకాశం రాలేదు.

“ఏడో ఎక్కం వచ్చా సుందరం?”

వాడి చెయ్యి లేవబోయింది. కోకిల దాన్ని పట్టుకుని దించింది.

“చెయ్యి వద్దు. నోటితో చెప్పు.”

సుందరం చాలాసేపు ఆమె ముఖంలోకి చూశాడు. నిజంగానే తననే అడుగుతోందా అని.

“రాదు టీచర్” అన్నాడు. వాడి వయసుకు మించిన బొంగురు గొంతు.

“మరి ఎందాకా వచ్చు?”

“మూడు దాకా.”

“సరే” అంది కోకిల. “నాలుగు నుంచి మొదలుపెడదాం.”